డబ్బు కొడుకుది, చాకిరీ అమ్మది

వెల్లూరు, గుడియాత్తం తెలుగు ఇళ్లలో ఈమధ్య ఒక వింత చూస్తున్నాం. బట్టలుతికేది ఇక్కడ అమ్మ, వాషింగ్ మిషన్ ఎంచేది అమెరికాలో కొడుకు! స్టార్లు చూస్తాడు, రివ్యూలు చదువుతాడు. మన బోరు నీళ్లను మాత్రం అడగడు.

తోళ్ల ఫ్యాక్టరీల మురుగు పాలారునీ, ఇక్కడి భూగర్భ జలాన్నీ పాడుచేసిందని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది. ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదు. కాచేకొద్దీ హీటరుకు తెల్లగా పెచ్చు కడుతుంది. గుడియాత్తం నేత లుంగీకి చన్నీళ్లు చాలవా?

ఫ్రంట్ లోడ్‌తో నీళ్లు ఆదా అంటారు. నిజమే, కొళాయిలో ధార ఉన్న ఇంట్లో. ధార సన్నబడిన రోజున బిందెతో పోసుకోవడానికి పనికొచ్చేది పైన మూత ఉన్న మిషనే. మోకాళ్ల నొప్పులున్న మనిషి వంగక్కర్లేదు కూడా.

అక్కణ్ణుంచే మిషన్ తెస్తామనేవాళ్లకు ఒక మాట: అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్, ఇక్కడ 230, 50.

అందుకే మేమనేది ఒకటే. ఆర్డరు పెట్టేముందు అమ్మకు ఫోన్ చేయండి. నీళ్లెలాంటివి, ధార ఎంత, వంగగలవా అని అడగండి. వినే తీరిక లేకపోతే డబ్బు పంపండి చాలు, తనకు కావలసింది తనే కొనుక్కుంటుంది.