అంచులు తెచ్చుకున్నాం, ఆలోచన వదిలేశాం

లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్ళినవాళ్ళు చాలామంది మొదట చేసే పని, వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి ఈ పక్కనుంచి ఆ పక్కకు లాగడం. తర్వాత ఏడుపడగల నాగలింగం ముందు ఒక ఫొటో, గుడికి కాస్త దూరాన ఉన్న ఏకశిలా బసవన్న దగ్గర మరొకటి. ఈ హడావిడిలో మండపం పైకప్పు తల మీదుగా దాటిపోతుంది. ఒక భావాన్ని బొమ్మగా ఎలా చెప్పాలో తెలుగునేల మీద ఎవరైనా నేర్చుకోదలిస్తే, మొదట తలెత్తి చూడవలసింది ఆ పైకప్పునే అని మా గట్టి నమ్మకం.

16వ శతాబ్దం నడిమికి కాస్త ముందు, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో విజయనగర అధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కూర్మశైలం అనే గుట్ట మీద ఈ గుడి కట్టించారు. పైకప్పు మీద పార్వతీ కల్యాణం ఉంది, ద్రౌపదీ స్వయంవరం ఉంది, కిరాతార్జునీయం ఉంది, వటపత్రశాయి ఉన్నాడు. మనం ఆగవలసింది మనునీతి చోళుడి కథ దగ్గర. తిరువారూరు రాజు కొడుకు రథం కింద పడి ఒక దూడ చనిపోయింది. తల్లి ఆవు వెళ్ళి రాజు కట్టించిన ధర్మగంట మోగించింది. విచారించిన రాజు, తన కొడుకు మీదుగా కూడా రథం నడపాలని తీర్పు చెప్పి, అమలు చేశాడు. శివుడు ప్రత్యక్షమై అందరినీ బతికించాడు.

ఏలినవాడి బిడ్డకైనా ఆవు దూడకైనా న్యాయం ఒకటే అన్నది ఇందులోని భావం. భావానికి రంగూ రూపూ ఉండవు. మన కాలపు చిత్రకారుడికి న్యాయం అన్న మాట ఇస్తే చెయ్యి దానంతటదే తక్కెడ గీసేస్తుంది, పక్కన కళ్ళకు గంతలు కట్టుకున్న స్త్రీని నిలబెడుతుంది. ఈ కథలో తక్కెడ లేదు. గంట తాడు నోరులేని జీవానికి అందేంత కిందికి వేలాడుతుంది. న్యాయం ఎవరి అందుబాటులో ఉండాలో ఆ తాడు పొడవే చెప్పేసింది. ఇక రథచక్రం: దూడను తొక్కిందీ అదే, రాజకుమారుడి మీదికి రావలసిందీ అదే. ‘సమానం’ అని వ్యాఖ్య రాయనక్కరలేకుండా చక్రమే ఆ మాట పలుకుతుంది. భావచిత్రం అంటే మేము అర్థం చేసుకున్నది ఇది. వాక్యంలో బరువంతా ఎక్కడుందో వెతికి పట్టుకుని, ఆ బరువును కంటికి కనిపించే ఒక వస్తువు మీద మోపడం.

అర్ధమండపం కప్పు మీద వీరభద్రుడి చిత్రం సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉంటుంది. ఆ దేవుడి పాదాల దగ్గర చిన్నగా, చేతులు జోడించి విరూపణ్ణ, వీరణ్ణ. గుడి కట్టించిన డబ్బు వాళ్ళ చేతిమీదుగా నడిచింది, బొమ్మలు వేసినవాళ్ళకు కూలి ఇచ్చిందీ వాళ్ళే. అయినా పరిమాణంలో చిత్రకారుడు మొహమాటపడలేదు. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది కొలతలోనే తేల్చేశాడు.

గీత సంగతి కూడా చెప్పుకోవాలి. నల్లటి గట్టి అంచుగీత, లోపల చదునుగా పూసిన కావి, పసుపు, ఆకుపచ్చ, సున్నపు తెలుపు. వెలుగునీడల మెరుగులు లేవు. మండపంలో వెలుతురు తక్కువ, చూసేవాడు కింద నడుస్తూ ఉంటాడు, మెడ ఎక్కువసేపు ఎత్తి ఉంచలేడు. ఇన్ని ఇబ్బందుల మధ్య ఎవరు ఎవరో ఒక్క చూపులో తెలియాలంటే ఆకారం స్పష్టంగా ఉండి తీరాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు నేటికీ పాటిస్తున్నది ఈ పద్ధతే. దీపం వెలుగులో, తెర వెనకనుంచి, ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా రావణుడెవరో రాముడెవరో తెలియాలి. అందుకే పక్కచూపు ముఖం, పెద్ద కన్ను, మేకతోలు మీద తెంపులేని గీత. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ చేతిలో ఉన్న ఈ విద్యను మన చిత్రకళా బోధనలో పాఠంగా చేర్చాలన్న ఆలోచన మాత్రం ఇంకా రాలేదు.

లేపాక్షి నుంచి మనం తెచ్చుకున్నది వేరు. లతామండపం స్తంభాల మీది తీగలూ పూలూ చీరల అంచులయ్యాయి. ప్రభుత్వ హస్తకళల దుకాణాలకు ఆ ఊరి పేరు పెట్టుకున్నాం. మంచిదే, నేతగాళ్ళకూ చేతిపనివాళ్ళకూ నాలుగు మెతుకులు దొరికాయి. కానీ పైకప్పు మీద ఆలోచిస్తున్న బొమ్మలను అక్కడే వదిలేసి వచ్చాం.

ఈ మాట ఎందుకంటే, లేపాక్షి ఉన్న ఈ అనంతపురం సీమ గురించి అచ్చయ్యే కథలకూ వ్యాసాలకూ పడుతున్న బొమ్మలను చూడండి. కరువు అనగానే బీటలు వారిన నేల, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తున్న ముసలి రైతు. ఏ పత్రిక తెరిచినా ఆ రైతే, ఆ చెయ్యే. ఆ బొమ్మ జాలి పుట్టిస్తుంది, విషయం చెప్పదు. అనంతపురం సీమలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళు దొరికేది పైపైన చివికిన పొరలోనూ రాతి నెర్రెల్లోనూ. ఒక రైతు బోరు ఇంకా లోతుకు దింపితే, గట్టు అవతలి బోరు గాలి కక్కుతుంది. కరువులో సగం నేలకింద జరుగుతోంది. ఆకాశం చూస్తున్న రైతు బొమ్మ మన చూపును సరిగ్గా తప్పు దిక్కుకు తిప్పుతోంది.

బోర్లను అదుపులో పెట్టడానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. చట్టం భాష పొలం గట్టుదాకా నడవలేదు. అదే దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం నడిచింది. వానను కొలిచింది రైతులు, బోర్లలో నీటిమట్టం కొలిచిందీ రైతులే. ఆ అంకెలను ఊళ్ళో అందరికీ కనిపించే బోర్డుల మీద రాసుకున్నారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్ళెన్ని, ఏ పైరు ఎన్ని తాగుతుంది అని లెక్క కట్టుకున్నారు. కంటికి కనిపించని నీటికి గోడ మీద ఒక రూపం వచ్చింది కాబట్టే దాని మీద మాటాడుకోవడం కుదిరింది.

ఇలాంటి లెక్కలు గీయడంలో, ఎక్కువైనదాన్ని పెద్దగా గీసే లేపాక్షి పద్ధతిని యథాతథంగా వాడితే మోసం జరుగుతుంది. 1925లో వియన్నాలో ఒట్టో నాయ్‌రాత్ మామూలు జనం కోసం ఒక మ్యూజియం పెట్టి, జనాభా, ఇళ్ళు, జీతాల లెక్కలను బొమ్మల్లో చూపించాడు. ఎక్కువ అని చెప్పాలంటే బొమ్మను పెద్దది చేయకూడదు, అదే పరిమాణం బొమ్మను ఎక్కువసార్లు వేయాలి అన్నది ఆయన నియమం. నీటిచుక్కను రెట్టింపు ఎత్తు గీస్తే అది కాగితం మీద నాలుగు రెట్లు చోటు తీసుకుంటుంది, చదివేవాడికి తెలియకుండానే లెక్క తప్పుతుంది. ఘనత చెప్పడానికి వీరభద్రుణ్ణి పెద్దగా గీయాలి, నీళ్ళు చెప్పడానికి చుక్కలను లెక్కపెట్టి గీయాలి. ఏ భావానికి ఏ సాధనం అన్న ఈ వివేకమే నేర్చుకోవలసింది, నేర్పవలసింది. చెయ్యి తిరగడం దాని తర్వాతి మాట.

మన దగ్గర ఈ వివేకం ఉన్నవాళ్ళు లేకపోలేదు. బాపు, మోహన్, చంద్ర గీసిన బొమ్మలు రచన పక్కన అలంకారంగా నిలబడలేదు, తమ మాట తాము చెప్పాయి. వాళ్ళ గీతను అనుకరించేవాళ్ళు చాలామంది, గీతకు ముందున్న ఆలోచనను సాధన చేసేవాళ్ళు తక్కువ. దీనికి చిత్రకారులను మాత్రమే తప్పుపట్టడం అన్యాయం. సాయంత్రంలోగా కావాలంటూ ఫోన్లో శీర్షిక మాత్రం చెప్పి బొమ్మ అడిగితే వాళ్ళు తక్కెడ కాక మరేం గీస్తారు? రచన మొత్తం చదవడానికి ఇవ్వాలి, ఆలోచించడానికి గడువు ఇవ్వాలి, ఆలోచనకు కూడా కూలి కట్టాలి. గీసిన బొమ్మను రచన చదవని మనిషికి చూపించి, నీకేం అర్థమైందని అడిగే ఓపిక సంపాదకులకు ఉండాలి. రచయితలకూ ఇందులో పని ఉంది. తన వ్యాసంలోని భావం ఒక్క వాక్యంలో చెప్పలేని రచయితకు ఏ చిత్రకారుడూ సాయం చేయలేడు.

ఈ పత్రికలో ఇకమీదట ప్రతి రచనా చిత్రకారుడి చేతికి పూర్తిగా వెళ్తుంది. దానితోపాటు హిందూపురం, మడకశిర, పెనుకొండ, కదిరి, ధర్మవరం ప్రాంతాల యువ చిత్రకారులకూ, బడిపిల్లలకూ, నిమ్మలకుంట కళాకారులకూ ఒక విన్నపం. ఒకే ఊట మీద ఇద్దరు ఇరుగుపొరుగు రైతుల రెండు బోర్లు. ఈ సంగతిని ఒక్క అక్షరం రాయకుండా, చదువురాని మనిషికి కూడా తెలిసేలా గీసి మాకు పంపండి. బీటలు వారిన నేల మాత్రం వద్దు.