ఎవరి గడియారం ఇది?

మొన్న ఒక మెడికల్ కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకి ‘టైం మేనేజ్‌మెంట్’ గురించి చెప్పమని పిలిచారు. ఎంబీబీఎస్ మొదట్లో జరిపే ఫౌండేషన్ కోర్సులో అదీ ఒక పాఠమే. నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన బోర్డు మీద ఇరవైనాలుగు గళ్లు గీసి, ‘‘ఎవరికైనా ఉండేది ఇరవైనాలుగు గంటలే, వాడుకోవడంలోనే ఉంది తేడా’’ అన్నారు. వెనక బెంచీలో కూర్చున్న కోయ అమ్మాయి ఆ గళ్లని బుద్ధిగా నోట్సులోకి ఎక్కించుకుంటోంది. నాకు ఒళ్లు మండింది.

నాదీ దుమ్ముగూడెం మండలంలో అడవి అంచు ఊరే. నాకూ ఇలాంటి టైంటేబులే ఇచ్చారు. గంటకి పది పేజీలట! ఇంట్లో కోయ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. బ్రేకియల్ ప్లెక్సస్ గురించి ఒక్క పేజీ అర్థమయ్యేసరికే నా గంట అయిపోయేది. ఇంగ్లీషు మీడియం అబ్బాయి ఆ గంటలో నరాలన్నీ గీసేసి టీకి వెళ్లేవాడు. పైగా రాత్రి ఎనిమిదికి మా హాస్టల్ గేటుకి తాళం. పదకొండు దాకా లైబ్రరీ మగపిల్లలదే. ‘‘మీ క్షేమం కోసమే’’ అనేవారు. 2015లో ఢిల్లీ అమ్మాయిలు ‘పింజ్రా తోడ్’ అంటూ హాస్టల్ ఆంక్షల మీద తిరగబడినప్పుడు నాకు నా పోయిన గంటలే గుర్తొచ్చాయి.

దసరా సెలవులకి ఇంటికెళ్తే అమ్మ మలేరియాతో మంచం పట్టి ఉంది. వంట, నీళ్లు, మేకలు అన్నీ నావే. పుస్తకాల సంచి విప్పకుండానే తిరిగొచ్చాను. అనాటమీ తప్పాను. ‘‘నీకు ప్లానింగ్ లేదు’’ అన్నారు. నిజమే అనుకున్నాను. ఎదిగిన తమ్ముడు అరుగు మీద కూర్చునుంటే, బిందె అందుకోరా అనాలని నాకే తోచలేదు మరి!

2024 జాతీయ సమయ వినియోగ సర్వే లెక్కలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 88. మధ్యనున్న ఆ మూడు గంటల పైచిలుకు పెద్దాయన గీసిన ఏ గడిలో రాసుకోవాలి?

2022లో కొత్తగూడెంలో, 2023లో ఖమ్మంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలొచ్చాయి. సంతోషమే. మా పిల్లలకి కాలేజీ దగ్గరైంది. ‘‘ఆదివారం వచ్చి నాలుగు పనులు చేసిపో’’ అనే పిలుపు కూడా దగ్గరైంది.

క్రమశిక్షణ అక్కర్లేదని నేననను. థియరీలో 75, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు లేనిదే పరీక్షకి కూర్చోనివ్వరు. ఏ రోజు పాఠం ఆ రోజే చదవండి, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి, అర్థమైంది కోయలో ఒకరికొకరు చెప్పుకోండి అని ఆ పిల్లలకి చెప్పాను. ఆ తర్వాత నిర్వాహకుల వైపు తిరిగి, ఆడపిల్లలకి లైబ్రరీ ఎన్నింటి దాకా అని అడిగాను. మొదటి ఏడాది భాష అందని వాళ్లకి సాయంత్రం ఎవరు కూర్చుని చెబుతారని అడిగాను. జవాబు రాలేదు.

మనలో చాలామందిమి పాఠాలు చెప్పేవాళ్లమే. ఆలస్యంగా వచ్చిన అమ్మాయికి టైంటేబులు చేతిలో పెట్టే ముందు, తెల్లారి లేచినప్పట్నుంచీ ఆమె ఏం చేసి వచ్చిందో మనలో ఎందరం అడిగాం?