ఆ పిల్లదే తప్పా?

మొన్న రాత్రి 'బ్రూక్లిన్' సినిమా చూడగానే మా వారు తీర్పు చెప్పేశారు: "ఆ పిల్ల ఒట్టి మోసగత్తె!" పక్కింటి పిన్నిగారు కూడా, "అవును నాయనా, మొగుణ్ణి అక్కడ పెట్టుకుని ఇక్కడ ఇంకొకడితో షికార్లా?" అని వంత పాడారు. ఇద్దరి మీదా నేనొక్కత్తినీ గెలవలేకపోయాను. అందుకే ఇక్కడ వాదిస్తున్నాను.

కోలమ్ టోబీన్ 2009లో రాసిన నవల అది. ఐర్లండులో ఎన్నిస్కార్తీ అనే చిన్న ఊరు. 1950ల నాటి మాట. ఏలిష్‌కి అక్కడ సరైన ఉద్యోగం దొరకదు. అక్క రోజ్ పూనుకుని అమెరికా పంపిస్తుంది. పగలు బట్టల కొట్లో నిలబడి పని, రాత్రి జమాఖర్చుల చదువు. అక్కడే టోనీని ప్రేమిస్తుంది. ఇంతలో అక్క పోయిందని కబురు. రహస్యంగా టోనీని పెళ్ళాడి ఊరికొస్తుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు. చెప్పకపోవడం తప్పే, కాదనను.

కానీ ఊరు చేసిందేమిటి? అక్క ఉద్యోగం ఖాళీగా ఉంది. ఈ పిల్లని అందులో కూర్చోబెట్టారు. జిమ్ ఫారెల్ అనే మంచి సంబంధం కూడా కుదిర్చేసినంత పని చేశారు. తల్లి మాత్రం, బ్రూక్లిన్‌లో ఎలా బతికావే అని అడగనే అడగదు. అడిగి ఉంటే చెప్పేదేమో!

అదే మగవాడు తిరిగొస్తే చూడండి. 1952లో వచ్చిన 'ది క్వయట్ మాన్' సినిమాలో అమెరికా నుంచి వచ్చిన హీరో పుట్టిన ఇల్లు కొనుక్కుంటాడు, ఊళ్ళోకెల్లా అందగత్తెని పెళ్ళాడతాడు, బావమరిదితో వీధులన్నీ తిరుగుతూ తన్నుకుంటాడు. ఊరంతా చప్పట్లే! జార్జ్ మూర్ 1903లో అచ్చువేసిన కథలోనూ అంతే. బ్రైడెన్ ఊరికొచ్చి ఓ పిల్లకి ఆశపెట్టి, మళ్ళీ న్యూయార్కు చెక్కేస్తాడు. ముసలితనంలో ఆ పిల్లని తలుచుకుంటే చాలు, పాఠకులకి కళ్ళు చెమరుస్తాయి. అతన్ని మోసగాడన్నవాళ్ళు నాకు కనబడలేదు.

ఇందులో చరిత్ర కూడా ఉందండి. 1845లో మొదలైన మహాకరువు తర్వాత ఐర్లండులో పొలం ఒక్క కొడుక్కి, కట్నం ఒక్క కూతురికి అన్నట్టయింది. మిగతావాళ్ళకి ఓడే గతి. వెళ్ళినవాళ్ళలో దాదాపు సగం మంది ఆడవాళ్ళే, అందులోనూ పెళ్ళికాని పిల్లలే ఎక్కువ. పరాయి ఇళ్ళలో అంట్లు తోమి పంపిన డబ్బుతో ఇక్కడ శిస్తులు కట్టారు, తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఓడ టిక్కెట్లు కొన్నారు. బయల్దేరే ముందు రాత్రి ఇంటిల్లిపాదీ చేసే జాగారానికి 'అమెరికన్ వేక్' అని పేరు. వేక్ అంటే శవజాగారం! పిల్ల చచ్చిందని ముందే ఏడ్చేశారన్నమాట. డబ్బు మాత్రం బతికే వచ్చేది.

అలా పంపిన ఆవిడే బ్రయన్ ఫ్రీల్ 1966 నాటకంలోని కాస్. యాభై రెండేళ్ళు అమెరికాలో చాకిరీ చేసి తోడబుట్టినవాడింటికి తిరిగొస్తుంది. నీ డబ్బు మాకు అక్కర్లేకపోయింది, దాచి ఉంచాం అంటారు. ఆవిడ గట్టిగా మాట్లాడుతుందనీ, తాగుతుందనీ వృద్ధాశ్రమంలో చేరుస్తారు. ఇదీ ఆడపిల్లకి దక్కిన సొంతూరు!

టోబీన్ 2024లో రాసిన 'లాంగ్ ఐలండ్'లో ఏలిష్ 1976లో మళ్ళీ వస్తుంది. తల్లి కోసం ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను కొంటుంది. తల్లి వాటిని వాడదు. నడవాలో అలాగే పడుంటాయి. ఆ తల్లి కోపమూ నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు కనబడని కూతురు రాగానే నా వంటిల్లు చాలదంటుందా అని! కానీ కూతురు అంత దూరం నుంచి మొగుడి మీద ఎంత దుఃఖం మోసుకొచ్చిందో? అది నడవాలో కూడా దించుకోలేదు పాపం.

అడగని ఇంట్లో నిజం చెప్పడం కష్టం. ఏలిష్ దాచింది సరే, చెప్పే చోటేదీ?

మర్నాడు పొద్దున్న పిన్నిగారితో ఇదే అన్నాను. ఆవిడ కూతురు వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తోంది. "చుట్టాలందర్నీ పోగేసే ముందు, అక్కడెలా ఉన్నావే తల్లీ అని ఒక్కసారి అడగండి పిన్నీ" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. చాలాసేపు కొంగు మడతలు సర్దుకుంటూ కూర్చున్నారు.

మా వారు మాత్రం తీర్పు మార్చుకోలేదు. మార్చుకునేదాకా మా ఇంట్లో రాత్రి సినిమాలు బంద్!