ఒళ్ళో పిల్లకు లెక్క లేదా?

మన రవాణా వ్యవస్థలో "ఒళ్ళో పిల్ల" అనేది ఒక పారిభాషిక పదం. ఆర్టీసీ బస్సులో ఐదేళ్ళు నిండని బిడ్డకు టిక్కెట్టు లేదు, ఒళ్ళో కూర్చుంటుంది. రైల్లో ఐదేళ్ళ లోపు బిడ్డకు విడిగా బెర్తు అడగకపోతే టిక్కెట్టు లేదు, తల్లి పక్కన ముడుచుకుంటుంది. విమానంలో రెండేళ్ళు నిండని బిడ్డకు పేరుకొక టిక్కెట్టు ఉంటుంది గాని సీటు ఉండదు. ఆఖరికి పెళ్ళిలో ఎన్ని ఆకులు లేచాయని లెక్క తీసేటప్పుడు కూడా తల్లి ఆకులోనే నాలుగు ముద్దలు తిన్న బిడ్డ ఆ లెక్కలోకి రాదు. ఇన్నిచోట్ల లెక్కలోకి రాని ఈ ప్రాణి ఒక్కచోట మాత్రం పూర్తి మనిషిగా నమోదవుతుంది. ఆ చోటు సముద్రం మీది ఓడ. ఆ ఒక్కచోట లెక్కపెట్టినందుకే మనవాళ్ళు మండిపడుతున్నారు. ఆ మంట అన్యాయమని చెప్పడానికే ఈ టపా.

సముద్రపు గాలి సోకని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్ళకు ఓడల గొడవ ఎందుకని ఎవరైనా ముక్కున వేలేసుకోవచ్చు. మాకు సముద్రమంటే చెన్నై. ఆ చెన్నై రేవు నుంచి 2022 జూన్ 4న కార్డీలియా వారి "ఎంప్రెస్" విహారనౌక బయలుదేరింది. అదే నెలలో విశాఖపట్నాన్నీ తాకింది. 2023 జూన్ 5న అదే నౌక చెన్నై నుంచి శ్రీలంకకు సాగింది. అప్పటి నుంచీ మా మూడు ఊళ్ళలో షష్టిపూర్తి అనుకున్నా, అమెరికా నుంచి పిల్లలు వస్తున్నారన్నా, తిరుమల తరువాత వినిపించే రెండో మాట ఓడ. కుప్పం వాళ్ళకు చెన్నై రైలు ఊళ్ళోనే ఆగుతుంది. మదనపల్లె వాళ్ళ స్టేషను ఊరికి దూరంగా సి.టి.ఎం. దగ్గర ఉంది. పుంగనూరికి రైలే లేదు. మూడు దారుల్లో బయలుదేరి రేవు దగ్గర కలుసుకోవలసిన బంధుబలగమిది. ఇలాంటి బలగానికి గదులు కుదర్చడంలోనే అసలు పేచీ పుడుతుంది.

మా ఇంటి లెక్కే చూడండి. మొత్తం పదిహేడుగురం. వృద్ధ దంపతులు రెండు జంటలు, ఒంటరి పెద్దమ్మ ఒకరు, వయసులో ఉన్న జంటలు నాలుగు, ఒక్కొక్క జంటకూ మూడేళ్ళు నిండని బిడ్డ ఒక్కొక్కరు. గదికి నలుగురు చొప్పున భాగిస్తే ఐదు గదులు చాలునని అంకగణితం చెబుతుంది. గదులు కుదిర్చే ఒక మధ్యవర్తి కూడా ఫోనులో ఆ మాటే అన్నాడు. "పిల్లలదేముందండీ, సర్దుకుంటారు" అని ఒక ఉచిత సలహా కూడా ఇచ్చాడు. తెలుగువాడి ప్రయాణాన్ని ఇన్నేళ్ళుగా నడుపుతున్నది, అప్పుడప్పుడు ముంచుతున్నదీ ఈ "సర్దుకుంటారు" అన్న మాటే.

మనవాళ్ళ ఆక్షేపణలు మూడు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది: "నలుగురు పట్టే గదిలో చంకలో బిడ్డను ఐదో మనిషిగా ఎందుకు రానివ్వరు? వాడికి మంచం కావాలని ఎవరడిగారు?"

ఓడలో గది సామర్థ్యాన్ని నిర్ణయించేది మంచాలు మాత్రమే కాదు, గది వెలుపల వేలాడే ప్రాణరక్షక పడవలు కూడా. ప్రతి గదికీ ప్రమాద సమయంలో చేరవలసిన ఒక స్థలం, ఎక్కవలసిన ఒక పడవ కేటాయించి ఉంటాయి. ఆ పడవలో ఎందరికి చోటుందో అందరినే ఆ స్థలానికి కేటాయించాలి. అందుకే ఒక్కోసారి గది ఖాళీగా ఉన్నా మూడో మంచం, నాలుగో మంచం అమ్మరు. ఆ వైపు పడవల్లో చోటు అయిపోయి ఉంటుంది. మన కంటికి అది మొండితనంలా కనబడుతుంది. ఆ మొండితనం వెనుక 1912 ఏప్రిల్ ఉంది. టైటానిక్ మీద సుమారు 2,200 మంది ఉంటే పడవల్లో చోటు 1,178 మందికే ఉండింది. ఆ ఘోరం తరువాతే 1914లో సముద్రంపై ప్రాణరక్షణకు మొదటి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాని వారసత్వంగా నడుస్తున్న నేటి నిబంధనలలో చంటిబిడ్డ పెద్దవాళ్ళ ఖాతాలో కలిసిపోయే వస్తువు కాదు. ఇరవై నాలుగు గంటలు మించిన ప్రయాణమైతే ఎక్కిన ప్రతి శిశువుకూ శిశువు కొలతతో చేసిన లైఫ్ జాకెట్టు ఒకటి ఓడలో ఉండాలి. పదిహేను కిలోల లోపు బరువున్న బిడ్డకు ఒక కొలత, ఆపైన నలభై మూడు కిలోల దాకా మరొక కొలత. పెద్దవాళ్ళ జాకెట్టు బిడ్డకు తొడిగితే నీళ్ళలో బిడ్డ జారిపోతుంది. బిడ్డ పేరు జాబితాలో లేకపోతే ఆ జాకెట్టు ఎవరి కోసం సిద్ధం చేస్తారు?

రెండవది: "ఐదు నెలల బిడ్డను ఎక్కనివ్వమంటారా? ఇదెక్కడి దౌర్జన్యం?" చాలా నౌకా సంస్థలు ఆరు నెలలు నిండని శిశువును ఎక్కించుకోవు. రోజుల తరబడి రేవు తగలని మహాసముద్ర ప్రయాణాలకు ఏడాది నిండాలంటాయి. ఓడలో వైద్యుడుంటాడు, చిన్న ఆసుపత్రి ఉంటుంది, కాని పసికందుల ప్రత్యేక చికిత్సకు కావలసిన హంగులన్నీ అక్కడ ఉండవు. అర్ధరాత్రి బిడ్డకు ఊపిరాడకపోతే మదనపల్లెలో వీధి చివరి డాక్టరు తలుపు తట్టగలం. బంగాళాఖాతం నడుమ ఎవరి తలుపు తడతాం? ఈ నిబంధనను దౌర్జన్యమనేవారు బిడ్డకంటే తమ సెలవులనే ఎక్కువగా ప్రేమిస్తున్నారని అనుకోవలసి వస్తుంది.

మూడవది అసలు ఆక్షేపణ: "పాలు తాగే బిడ్డకు డబ్బులా?" దీనికి జవాబు చెప్పేముందు నదులనొకసారి తలచుకోవాలి.

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన "రాయల్ వశిష్ఠ" బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. యాభై మంది దాకా పోయారు. బోటును అక్టోబరు 22న గాని బయటికి తీయలేకపోయారు. ఆ రోజుల్లో వార్తలు చూసినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బోటులో ఎందరున్నారనే అంకె ఒక పూట ఒకటి, మరో పూట మరొకటిగా మారుతూ వచ్చింది. మునిగినవారిని వెతకడానికి ముందు ఎక్కినవారెవరో వెతకవలసి వచ్చింది. 2023 మే 7న కేరళలోని తానూరులో పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న విహారపు పడవ తిరగబడితే ఇరవై ఇద్దరు మరణించారు. వారిలో పదిహేనుమంది పిల్లలు. పదకొండుమంది ఒకే కుటుంబం వారు. మన వంటి కుటుంబమే, పండుగకో సెలవులకో పిల్లాపాపలతో కలిసి బయలుదేరిన బలగమే. పిల్లలే కదా, సర్దుకుంటారు అనే మాట ఎక్కడికి దారి తీస్తుందో ఇంతకంటే వివరంగా చెప్పాలని నాకు లేదు.

మదనపల్లె టమోటా మార్కెట్టులో క్రేట్లు లెక్కపెట్టకుండా లారీ కదలదు. ఒక్క క్రేటు తగ్గితే మండీ దగ్గర పంచాయితీ అవుతుంది. టమోటాలకిచ్చే గౌరవం పడవ ఎక్కే పసిబిడ్డకు ఇవ్వమంటే మనకు కోపం వస్తుంది!

కనుక నా వాదం ఇది. బిడ్డను లెక్కించడం వేరు, బిడ్డకు వెల కట్టడం వేరు. లెక్కించి తీరాలి. వెల మీద పోట్లాడాలి. మనవాళ్ళు దీన్ని తలకిందులు చేస్తున్నారు. వెల తప్పించుకోవడానికి లెక్కనే తప్పించుకోజూస్తున్నారు. బిడ్డ పేరు దాచి, రేవులో బతిమాలుకుంటే వదిలేస్తారులే అనే ధీమా మన బస్టాండ్లలో పుట్టిన ధీమా. రేవులో అది చెల్లదు, చెల్లకూడదు.

అలాగని నేను ఓడల కంపెనీల తరఫు వకాల్తా పుచ్చుకోలేదు. ఇప్పుడు వాళ్ళ సంగతి.

విహారనౌకల వ్యాపారానికి కొలమానం ఒక జంట. గది వెల ఇద్దరు ఉంటారన్న లెక్క మీద కడతారు. ఒంటరి మనిషి గది తీసుకుంటే ఖాళీగా ఉన్న రెండో మంచానికీ చాలావరకు తానే కట్టుకోవాలి. అంటే వైధవ్యానికి కూడా ఒక సుంకం ఉందన్నమాట! మూడో మంచం, నాలుగో మంచం చాలా గదుల్లో గోడలోంచో కప్పులోంచో దించే పై మంచాలు. వాటి మీద రెండేళ్ళ బిడ్డ పడుకోకూడదు, మోకాళ్ళ నొప్పుల తాతయ్య ఎక్కలేడు. అంకగణితం చెప్పిన ఐదు గదులు ఇక్కడే కూలిపోతాయి. బిడ్డలున్న నాలుగు జంటలకు నాలుగు గదులు, వృద్ధ దంపతులకు రెండు, పెద్దమ్మ ఎక్కడ? ఏడో గదిలో ఒంటరిగా, రెట్టింపు వెలకు. లేదా ఒక కొత్త జంట మధ్య మూడో మనిషిగా. ఉమ్మడి కుటుంబాన్ని ఎరగని నమూనాలో ఉమ్మడి కుటుంబాన్ని ఇరికిస్తే మిగిలేది ఈ దుస్థితే.

మధ్య తలుపుతో కలిసి ఉండే జంట గదులు ఓడకు కొన్నే ఉంటాయి, అవి ముందుగానే అయిపోతాయి. బిడ్డకు ఊయల మంచం అడిగినవారికే ఇస్తారు, అదీ ఉన్నంతవరకే. పిల్లల ఆటగది చాలా ఓడల్లో మూడేళ్ళు నిండినవారికి, అందులోనూ మరుగుదొడ్డి అలవాటైనవారికి. డయపరు వేసుకునే బిడ్డకు సాధారణంగా ఈతకొలనులో ప్రవేశం లేదు. అంటే మా నలుగురు పసివాళ్ళకు ఆ ఓడలో దక్కేది నడవా, భోజనశాల, తల్లి ఒడి. ఈ షరతులన్నీ న్యాయమైనవే కావచ్చు. వాటిని డబ్బు కట్టకముందు చెప్పకపోవడం అన్యాయం. షరతులు సన్నని అక్షరాల ఇంగ్లీషులో ఉంటాయి, ప్రకటన మాత్రం నవ్వుతున్న పసిపాప బొమ్మతో ఉంటుంది. ఆ బొమ్మను ఎరగా వాడుకున్నవాడు ఆ పాపకు ఓడలో ఏముందో, ఏం లేదో కూడా అదే పుటలో చెప్పాలి.

రైల్వే కూడా ఈ విషయంలో తీసిపోలేదు. ఒక టిక్కెట్టు మీద ఆరుగురు మించకూడదు కనుక పదిహేడుమంది మూడు టిక్కెట్లుగా చీలిపోతారు. తల్లి ఒక పెట్టెలో, అమ్మమ్మ మరో పెట్టెలో. 2016 ఏప్రిల్ 21 నుంచి ఐదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. అంతకంటే చిన్నబిడ్డ నిద్రకు ఏర్పాటేమిటని ఆ వ్యవస్థ ఆలోచించడానికి చాలా కాలం పట్టింది. 2022 మే నెలలో లక్నో మెయిలులో కింది బెర్తుకు ఆనించి చంటిపిల్లల బెర్తు ఒకటి ప్రయోగాత్మకంగా పెట్టారు. రెండు బెర్తులతో మొదలైన ఆ ప్రయోగాన్ని నేను మెచ్చుకుంటాను. అది ఒళ్ళో పిల్లను మనిషిగా చూసిన ప్రయత్నం.

కనుక బలగంతో ఓడ ఎక్కదలచినవారికి నా విన్నపాలు:

1. మొదటి ఫోనులోనే ప్రతి బిడ్డ పేరూ పుట్టిన తేదీ చెప్పండి. ప్రయాణం నాటికి ఎన్ని నెలలు నిండుతాయో మీరే లెక్కవేసి చెప్పండి.

2. "ఎన్ని గదులు?" అన్న ప్రశ్నకు జవాబివ్వకముందు కింది మంచం తప్పనిసరి అయినవారెందరో లెక్కించండి. వృద్ధులు, గర్భిణులు, మూడేళ్ళ లోపు బిడ్డలు. గదుల సంఖ్య అక్కడినుంచి పుడుతుంది.

3. ఊయల మంచం, దగ్గర దగ్గర గదులు, భోజనానికి ఒకే బల్ల, ఇవన్నీ రాతలో పుచ్చుకోండి. ఫోనులో విన్న హామీ రేవు దాటదు.

4. బిడ్డ వెల ఎందుకింత అని నిలదీయండి. బిడ్డకు చోటు కేటాయించినందుకు రుసుము న్యాయం. పెద్దవాడి భోజనానికీ వినోదానికీ వేసే వెల పసివాడి నెత్తిన వేస్తే అన్యాయం. ఈ రెంటినీ విడదీసి చూపమనండి.

5. ఓడ ఎక్కగానే జరిగే రక్షణ కవాతుకు బిడ్డను ఎత్తుకుని వెళ్ళండి. "వాడు నిద్రపోతున్నాడు" అని గదిలో ఒకరిని వదలకండి. 2012 జనవరిలో కోస్టా కాంకార్డియా ఇటలీ తీరాన ఒరిగి ముప్పై రెండుగురు పోయారు. ఆనాటి ప్రయాణికుల్లో కొందరికి ఆ కవాతు ఇంకా జరగనేలేదు. ఆ తరువాతే బయలుదేరకముందు గాని బయలుదేరిన వెంటనే గాని జరిపించాలనే నియమం వచ్చింది. బిడ్డ కొలత జాకెట్టును అక్కడే అడిగి తొడిగి చూడండి.

"ఇంత తలనొప్పి ఎందుకు, పిల్లలు పెద్దయ్యాక వెళ్ళవచ్చు కదా" అనే మితవాదులున్నారు. పిల్లలు పెద్దయ్యేసరికి అవ్వాతాతలు ఉండరు. మూడు తరాలు ఒకచోట చేరే అవకాశం కొద్ది ఏళ్ళే ఉంటుంది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే పిల్లలు చంకలో ఉంటారు. అందుకే ఈ ప్రయాణం మానుకొమ్మని నేననను, సర్దుకొమ్మని అసలే అనను.

ఓడ విషయంలో నాకు నచ్చినది దాని భోగం కాదు. ఇన్ని వాహనాలలో అదొక్కటే మా పదిహేడుగురిని పదిహేడుగురుగానే రాసుకుంటుంది. తక్కిన వాటి లెక్కలో మేము పదముగ్గురమే. విభేదించేవారు నిరభ్యంతరంగా విభేదించవచ్చు. కాకపోతే వాదానికి వచ్చేముందు మీ ఇంట్లో ఎంతమందో ఒక్కసారి, చంటిదానితో మొదలుపెట్టి, లెక్కపెట్టుకుని రండి.