బాలింత కన్నీరు అవిశ్వాసం కాదు

బిడ్డ పుట్టగానే స్తుతి కూడిక పెట్టుకుంటాం, బిడ్డను ఎత్తుకుని దీవిస్తాం. తల్లి ముఖం ఎంతమందిమి చూస్తున్నాం?

కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం చాలామంది బాలింతలకు ఉండేదే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మమకారం కలగడం లేదని కుమిలిపోతుంటే, అది జబ్బు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్రలేమి, ఇంట్లో సూటిపోటి మాటలు కలిసి తెచ్చే జబ్బు. "విశ్వాసం తక్కువైంది", "దురాత్మ పట్టింది" అని మనమే అంటే ఆమె ఇక నోరు విప్పదు.

బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత అప్పం, నీళ్లు పంపాడు. ఇక్కడేం చేస్తున్నావని అడిగింది ఆ తరువాతే.

మనమూ అలాగే చేద్దాం. రాత్రి కాసేపు భర్తో అత్తగారో బిడ్డను చూసుకుని ఆమెను పడుకోనివ్వాలి. 42 రోజుల వరకు ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు తల్లి దిగులూ చెప్పాలి. డాక్టరుకు చూపించాలి, పాలిచ్చే తల్లి వాడదగిన మందులున్నాయి. టెలిమానస్ 14416కు ఫోను ఉచితం. చనిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో అనిపిస్తోందంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. బీపీ మాత్ర వేసుకుని ప్రార్థనకు కూర్చునే మనం, ఆమె మాత్రకు వంక పెట్టడమెందుకు?

ఈ ఆదివారం బిడ్డను ఎత్తుకునే ముందు తల్లిని అడుగుదాం: "అమ్మా, నిద్రపోతున్నావా?"