రెండు అరలున్నంత మాత్రాన రెండు దేశాల ఫోను అవుతుందా?



మా పాఠశాలలో పదో తరగతి చదివే ఒక అమ్మాయికి అక్క ఉంది. పై చదువుల కోసం ఆమె అమెరికా వెళ్ళింది. బయలుదేరే ముందు ఇంట్లో వాళ్ళంతా డబ్బు కూడబెట్టి ఒక కొత్త ఫోను కొనిపెట్టారు. పెట్టె మీద ‘డ్యూయల్ సిమ్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఒక అరలో ఇక్కడి సిమ్, రెండో అరలో అక్కడి సిమ్ వేసుకుంటే చాలుననుకున్నారు.

విశ్వవిద్యాలయం దగ్గర ఆ ఫోను బాగానే పలికింది. ఒకరోజు ఊరు దాటి బస్సులో వెళ్తుంటే సిగ్నల్ పోయింది. పక్క సీటులో ఉన్న స్నేహితురాలి సిమ్ కూడా అదే కంపెనీది. ఆమె ఫోను మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది! ఆ రాత్రి కూతురి ఫోను కలవక ఇక్కడ తల్లి కన్ను మూయలేదు. మర్నాడు చెల్లెలు నన్నడిగింది: “మాస్టారూ, అక్క ఫోను చెడిపోయిందా?”

“చెడిపోలేదమ్మా. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న మనం అడగలేదు” అన్నాను.

ఆ ప్రశ్న ఏమిటి? “ఈ ఫోను ఏయే పౌనఃపున్యాల మీద పనిచేస్తుంది?” అన్నదే.

సెల్‌ఫోను నిజానికి ఒక చిన్న రేడియో. టవరుతో అది మాట్లాడేది విద్యుదయస్కాంత తరంగాల ద్వారానే. తరంగ వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం అని మీరు చదువుకున్నారు. ఈ తరంగాల వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. లెక్క కట్టండి: 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 17 సెంటీమీటర్లు. 600 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 50 సెంటీమీటర్లు. పౌనఃపున్యం తగ్గినకొద్దీ తరంగం ఎక్కువ దూరం పోతుంది, గోడలూ చెట్లూ అడ్డొచ్చినా తక్కువ నష్టపోతుంది. కనుక జనం పలచగా ఉండే విశాల ప్రాంతాలలో, తక్కువ టవర్లతో పని జరగాలంటే తక్కువ పౌనఃపున్యమే మేలు.

అమెరికాలో 4జి సేవలకు 600, 700 మెగాహెర్ట్జ్ తరంగాలను విరివిగా వాడుతున్నది ఇందుకే. ఆ పట్టీలకు 71, 12, 13 వంటి సంఖ్యలున్నాయి. వీటినే బాండ్లు అంటారు. మన దేశంలో 4జి ముఖ్యంగా 850, 900, 1800, 2300 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో నడుస్తోంది. ఇక్కడ అమ్మడానికి తయారుచేసిన ఫోన్లు చాలావాటిలో ఆ అమెరికా బాండ్లు ఉండవు. నగరంలో వేరే బాండ్లు కూడా ఉంటాయి కనుక అక్కడ ఫోను పలికింది. ఊరు దాటగానే మూగబోయింది.

ఇంకొక చిత్రం గమనించండి. చాలా బాండ్లలో ఫోను ఒక పౌనఃపున్యంలో మాట్లాడి, మరొక పౌనఃపున్యంలో వింటుంది. మన దేశంలో వాడే బాండ్ 3లో ఫోను 1710 నుంచి 1785 మెగాహెర్ట్జ్ లోపు పలుకుతుంది. 1805 నుంచి 1880 లోపు వింటుంది. అమెరికాలో వాడే బాండ్ 66లో కూడా పలికేది 1710 నుంచి 1780 లోపే. కాని వినేది 2110 నుంచి 2200 లోపు! నోరు ఇంచుమించు ఒకచోటే ఉన్నా, చెవి వేరే చోట ఉండాలన్నమాట.

రెండో ప్రశ్న మాటలకు సంబంధించినది. అమెరికాలోని మూడు పెద్ద కంపెనీలూ 2022లో తమ 3జి సేవలను మూసివేశాయి. కాబట్టి అక్కడ మాట కూడా 4జి మీదుగానే పోవాలి. దీన్ని వోల్టీ అంటారు. ఫోనులో ఈ ఏర్పాటు ఉంటే చాలదు. ఆ కంపెనీ అంగీకరించిన ఫోన్ల జాబితాలో మన ఫోను పేరు కూడా ఉందో లేదో చూసుకోవాలి.

మరి రెండు సిమ్‌లు ఎందుకు? ఇక్కడి బ్యాంకు పంపే ఓటీపీ ఇక్కడి నంబరుకే వస్తుంది. కనుక పాత సిమ్‌ను రీచార్జి చేయిస్తూ, అంతర్జాతీయ రోమింగ్ పెట్టించి, బతికించుకోవాలి. అయితే చాలా ఫోన్లలో రెండు సిమ్‌లకూ కలిపి ఒకే రేడియో ఉంటుంది. రెండు వాకిళ్ళకు ఒకే కాపలాదారు ఉన్నట్టు! ఒక సిమ్ మీద మాట్లాడుతున్నంతసేపు రెండో సిమ్‌కు వచ్చే పిలుపు మామూలుగా అందదు. కొన్ని ఫోన్లలో రెండో అర మెమరీ కార్డుకు కూడా అదే. కార్డు పెడితే సిమ్‌కు చోటుండదు.

“ఖరీదైన ఫోను కొంటే ఈ బాధలుండవు కదా?” అని మీరనవచ్చు. ధర ఒక్కటే హామీ కాదు. ఒకే పేరుగల ఫోనును వేర్వేరు దేశాలకు వేర్వేరు బాండ్లతో తయారుచేస్తారు; తేడా తెలిపేది మోడల్ నంబరు మాత్రమే. “అక్కడికి వెళ్ళాక కొనుక్కుంటే?” అదీ మంచి దారే. కాని వాయిదాల మీద ఇచ్చే ఫోను ఆ కంపెనీ సిమ్‌కే తాళం వేసి ఉండవచ్చు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు అసలు సిమ్ అరే లేదు. అలాంటిది కొనదలిస్తే ఇక్కడి సిమ్‌ను బయలుదేరే ముందే ఇ-సిమ్‌గా మార్పించుకోవడం మంచిది.

అన్ని దేశాలకూ ఇంత చిక్కు లేదు. గల్ఫ్ దేశాల్లో 1800 మెగాహెర్ట్జ్ 4జి బాగా వ్యాపించి ఉంది. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో అక్కడికి వెళ్ళేవారికి ఇక్కడి ఫోను చాలావరకు పనికొస్తుంది. అంటే దేశాన్ని బట్టి ఫోను ఎంచుకోవాలే గాని, ప్రకటనను బట్టి కాదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఐదు రూపాయల బిస్కట్ పొట్లం మీద బరువు, ధర, తయారైన నెల ముద్రిస్తున్నారు. వేల రూపాయల ఫోను పెట్టె మీద కెమెరా గొప్పలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. బాండ్ల పట్టిక మాత్రం కంటికి కనిపించదు. దాన్ని కూడా స్పష్టంగా ముద్రించి తీరాలి. అంతవరకూ ఆ పట్టికను వెతికి చదవడం మన వంతు. తరంగ సూత్రాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని, దుకాణంలో దాన్ని మరిచిపోతే ఆ చదువు వల్ల ప్రయోజనమేమిటి? ఈ మాట మీకంటే ముందు మా ఉపాధ్యాయులకే వర్తిస్తుంది.

ఈ రోజే ఒక పని చేయండి. ఇంట్లోని ఫోనులో *#06# నొక్కండి. రెండు సిమ్‌ల ఫోనైతే పదిహేను అంకెల సంఖ్యలు రెండు కనిపిస్తాయి. ఒక్కొక్క సిమ్ అరకు ఒక్కొక్కటి. తరువాత ఆ ఫోను మోడల్ నంబరు వెతికి, దాని బాండ్లను నోటు పుస్తకంలో రాసుకోండి. ప్రతి బాండుకూ తరంగదైర్ఘ్యం లెక్క కట్టండి. మీ ఇంటి నుంచి ఎవరైనా దూర దేశానికి ప్రయాణమైన రోజున, దుకాణదారును అడగవలసిన ప్రశ్న మీకు తెలిసి ఉంటుంది.