వాద్యావధి నతిక్రమించు స్వరములు – స్వరలిపి సాఫ్ట్‌వేర్ల సూచనలపై ఒక విచారము

సంగీతమును లిపిబద్ధము చేయు యత్నము మనకు క్రొత్తది కాదు. సోమనాథుడు 1609లో రచించిన రాగవిబోధమున వీణావాదన విశేషములకు ప్రత్యేక సంకేతములను కల్పించి రాగరూపములను లిఖించెను. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమునుండి తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని, గమక చిహ్నములతోడి స్వరలిపికి నేటికిని ప్రమాణగ్రంథము. అయితే ఈ లిపులలో ఏదియు వ్రాయువానిని ప్రశ్నించునది కాదు. వ్రాసినది వ్రాసినట్లు కాగితముపై నిలుచును; అది పలుకునో పలుకదో పాడువాడును వాయించువాడును తరువాత చూచుకొనవలసినదే. కంప్యూటరుపై స్వరలిపిని కూర్చు సాఫ్ట్‌వేర్లు ఈ స్థితిని మార్చినవి. ఏ వాద్యమునకై వ్రాయుచున్నామో ఆ వాద్యమున ఆ స్వరము పలుకునా యని అవి వ్రాయుచున్నపుడే పరీక్షించి, పలుకని స్వరమునకు రంగు పూయుచున్నవి. ఇది పాశ్చాత్య వాద్యబృందములకు సంబంధించిన సౌకర్యమే గాని ప్రాచ్య కళాశాలలకు దీనితో పనిలేదని కొందఱు తలపవచ్చును. కృతుల స్వరలిపులను కంప్యూటరున కెక్కించు పని విద్యార్థుల చేతులలోనికి వచ్చుచున్న ఈ కాలమున నిది పాఠపరిష్కరణ సమస్యయే యని నా అభిప్రాయము.

సిబేలియస్, మ్యూజ్‌స్కోర్, డోరికో మొదలగునవి పాశ్చాత్యుల స్టాఫ్ నొటేషనునకై నిర్మింపబడిన సాఫ్ట్‌వేర్లు. వానియందు ప్రతి వాద్యమునకును ఒక కనిష్ఠ స్వరము, ఒక గరిష్ఠ స్వరము ముందుగనే నిర్ణీతములు. మ్యూజ్‌స్కోర్‌లో అభ్యాసకుల కొకటి, నిపుణుల కొకటి యని రెండవధులు కలవు. మొదటిదానిని దాటిన స్వరము ముదురు పసుపు వన్నెతోను, రెండవదానిని దాటినది ఎఱుపుతోను తెరపై కనబడును. ముద్రించినపుడు ఈ రంగులు రావు. వలదనుకొన్నవారు వానిని తొలగించుకొనవచ్చును, అవధులను మార్చుకొననువచ్చును. లోపల జరుగునది కేవలము సంఖ్యల పోలిక. పియానోపై నడిమి 'సి' స్వరమునకు 60 అను సంఖ్య. అటనుండి ఒక్కొక్క స్వరస్థానమునకు ఒక్కొక్క అంకె హెచ్చును, తగ్గును. పాశ్చాత్య వయొలిన్ కనిష్ఠ స్వరము 55. 54 వ్రాసితిమా, ఎఱుపు.

ఈ పోలికలో నొక మొరటుదనము కలదు. వయొలిన్‌పై దిగువ అవధి ప్రకృతిసిద్ధము. నాల్గవ తంత్రిని సడలించిననే తప్ప దానికి క్రిందిస్వరము పలుకదు. ఎగువ అవధి అట్టిది కాదు. అది వాదకుని సాధనను, చేతివాటమును బట్టి పెరుగునది. మొదటిది అసాధ్యమును తెలుపగా రెండవది దుస్సాధ్యమును తెలుపుచున్నది, రెండింటికిని ఎఱుపే. అభ్యాసకునకు, నిపుణునకు వేర్వేఱు గీతలు గీచుటలో ఈ భేదమును గుర్తించిన జాడ కొంత యున్నను, అదియును చాలదు. పైగా తెరపై ఎఱుపు కనబడగనే మనస్సు దానిని తప్పని గ్రహించును. పరీక్షాపత్రములు దిద్దిన చేతులకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అవధికి లోబఱచుట యను పేర మూలమే మాఱిపోయిన ఉదాహరణము పాశ్చాత్య సంగీత చరిత్రలోనే కలదు. మొజార్ట్ 1791లో, అనగా తన మరణ సంవత్సరమున, ఆంటన్ స్టాడ్లర్ అను విద్వాంసునికై క్లారినెట్ కన్చెర్టోను రచించెను. స్టాడ్లర్ వాద్యము సామాన్య క్లారినెట్ కంటె నాలుగు స్వరస్థానములు క్రిందికి సాగునది. కర్త స్వహస్తలిఖితము నష్టమైనది. 1801 ప్రాంతమున వెలువడిన ముద్రిత ప్రతులు, సామాన్య వాద్యమున వాయించుటకు వీలగునట్లు దిగువ స్వరములను పైస్థాయికి మార్చి ప్రకటించినవి. 1802లో లైప్‌జిగ్ నగరపు సంగీత పత్రిక యొకదానిలో ఆ ముద్రణను సమీక్షించిన అజ్ఞాత రచయిత ఈ మార్పులను పట్టుకొనెను. మూలమును మూలముగనే ముద్రించి, మార్చిన స్వరములను చిన్న అచ్చులో చూపినచో బాగుండెడిదని అతడు సూచించెను. పరిష్కర్త లెల్లరును శిరసావహింపదగిన సూచన! దాని నెవరును పాటింపలేదు. సుమారు నూటయేబది సంవత్సరములు లోకము మాఱిన పాఠమునే వాయించెను. ఇరువదవ శతాబ్ది మధ్యభాగమునుండి పండితులు ఆ సమీక్షను, మొజార్ట్ స్వయముగ వ్రాసి విడిచిన ప్రథమభాగపు ఖండమును ఆధారముగ గొని మూలమును పునర్నిర్మించుచు వచ్చిరి. నేడు వాద్యము సామాన్య క్లారినెట్ అని చెప్పి ఆ పునర్నిర్మిత పాఠమును కంప్యూటరున కెక్కించినచో, ఏ స్వరములు మొజార్ట్‌వో అవియే ఎఱ్ఱబడును.

ఇక మన సంగీతమునకు వత్తము. స్టాఫ్ నొటేషనులో కృతులను వ్రాయువారు సాధారణముగ మధ్య షడ్జమును నడిమి 'సి'గా, అనగా 60గా గ్రహింతురు. అపుడు మంద్ర పంచమము 55, మంద్ర షడ్జము 48 అగును. మన విద్వాంసులు వయొలిన్ తంత్రులను మంద్ర షడ్జము, మంద్ర పంచమము, మధ్య షడ్జము, మధ్య పంచమము అను క్రమమున శ్రుతిచేయుదురు. కావున మంద్ర షడ్జము మన వయొలిన్‌పై మీటని తంత్రియందే పలుకు స్వరము. సాఫ్ట్‌వేరు దృష్టిలో నది 55 కంటె ఏడు మెట్లు క్రింద నున్నది, కనుక ఎఱుపు. మంద్ర షడ్జమునుండి మంద్ర మధ్యమము వఱకు గల స్వరము లన్నిటికిని ఇదే గతి. వేణువు స్థితియు నిట్టిదే. పాశ్చాత్య ఫ్లూటునకు సాధారణ కనిష్ఠము నడిమి 'సి'; మన వేణువున మధ్య షడ్జమునకు దిగువ నిషాద ధైవతములు చక్కగ పలుకును. వయొలిన్‌ను మన సంగీతమునకు తెచ్చినవారిలో ప్రథమగణ్యుడు బాలుస్వామి దీక్షితులు. సుబ్బరామ దీక్షితులను దత్తత గొన్నవాడాయనయే. పరదేశ వాద్యమును మన శ్రుతికి లొంగదీసి రెండు శతాబ్దములు గడచిన పిమ్మట, ఆ వాద్యపు పాత కొలతలతో మన మంద్రస్థాయిని తప్పుపట్టించుకొనుట విడ్డూరము.

చిక్కు అంకెలలో మాత్రమే లేదు. పాశ్చాత్యుల అవధి నిరపేక్షము, మనది శ్రుతిసాపేక్షము. గాయకుని శ్రుతినిబట్టి తంత్రులు బిగియును, సడలును. షడ్జము కదలిన అవధియు కదలును. వీణ దీనికి చక్కని నిదర్శనము. సారణి తంత్రి మధ్య షడ్జము, అనుమంద్ర తంత్రి అనుమంద్ర పంచమము, మెట్లు 24. షడ్జమును 60గా గొన్నచో వీణావ్యాప్తి 43 నుండి 84 వఱకు, అనగా మూడు స్థాయిలకు మించి మఱి ఐదు స్వరస్థానములు. ఈ రెండంకెలను సాఫ్ట్‌వేరునకు తెలిపిన చాలునా? క్రింద 43 కచ్చితమైన నేల. పైన 84 అట్టిది కాదు. కడపటి మెట్టుపై తంత్రిని లాగినచో స్వరము దానిని దాటును. గమకమే ప్రాణమైన సంగీతమున మెట్ల లెక్క స్వరముల లెక్క కాజాలదు.

శాస్త్రము దీనిని గుఱించి ఏమనుచున్నది? నాట్యశాస్త్రమున జాతులకు చెప్పిన దశలక్షణములలో గ్రహాంశములతోపాటు తారము, మంద్రము అనునవియు పరిగణితములు. స్వరము ఎంతవఱకు ఆరోహింపవచ్చును, ఎంతవఱకు అవరోహింపవచ్చును అనునది మన ప్రాచీనులు లక్షణముగ గణించిన విషయము. అయితే వారు చెప్పిన అవధి వాద్యముది కాదు, జాతిది. ఆ సంస్కారము నేటి రాగములలోను నిలిచియున్నది. నవరోజు పంచమాంత్యము, మంద్ర పంచమమునుండి మధ్య పంచమము వఱకే దాని సంచారము. కురంజి ధైవతాంత్యము; నాదనామక్రియ, పున్నాగవరాళి నిషాదాంత్యములు. నవరోజులో మధ్య ధైవతము వ్రాసినచో ఏ వాద్యమునకును కష్టము లేదు. ఏ సాఫ్ట్‌వేరును నోరెత్తదు. రాగమునకు మాత్రము భంగము. ఇట్టి రాగములు ఇమిడియున్న ఇఱుకుచోటు కంఠమునకు అనుకూలపడుటకై మన పెద్దలు చేసినదేమి? స్వరములను మార్చలేదు, మధ్యమశ్రుతి నాశ్రయించి ఆధారషడ్జమునే పైకి జరిపిరి. సాహిత్యమును, సంచారమును కదపక శ్రుతిని కదపుట యను ఈ యుక్తి, పైన చెప్పిన 1801 నాటి ముద్రాపకులకు తట్టలేదు.

ఎఱుపు సూచన పాఠదోషములను పట్టునను ఆశ కూడ అంతగా నిలుచునది కాదు. మన స్వరలిపిలో తారస్వరమునకు పైన, మంద్రస్వరమునకు క్రింద చుక్క యుంచుట వాడుక. తెలుగక్షరములకు గుడి, దీర్ఘము మొదలగునవి యుండుటచే ఆ చుక్క ముద్రణలో జాఱుట, ప్రక్క అక్షరమునకు తగులుట, పాత ప్రతిని చూచి ఎక్కించువాని కంటికి ఆనకపోవుట సహజము. చుక్క పోయిన తార రిషభము మధ్య రిషభమగును. అది ప్రతి వాద్యమునకును అవధి లోపలిదే. అనగా తప్పిపోయిన చుక్క స్వరమును అవధి లోపలికి తెచ్చునే గాని వెలుపలికి పంపదు, రంగు మాఱదు, దోషము నిశ్చింతగ నిలుచును. దానిని పట్టునది ముందు వెనుకల సంచారము నెఱిగిన చెవి. తార షడ్జమునకును తార గాంధారమునకును నడుమ హఠాత్తుగ మధ్య రిషభము కనబడినపుడు శంకింపవలెనని సాఫ్ట్‌వేరునకు నేర్పవచ్చునేమో గాని, నేటి అవధి సూచన ఆ పని చేయునది కాదు.

తప్పు, అసాధ్యము, అసాధారణము అను మూడును వేర్వేఱు. సంస్కృత విద్యాభ్యాసము చేసినవారికి ఈ వివేకము సుపరిచితము. పాణినీయమునకు లొంగని ఋషిప్రయోగము కనబడినపుడు వ్యాఖ్యాతలు దానిని దిద్దలేదు. ఆర్షమని పేర్కొని మూలమును మూలముగ నిలిపిరి. యతి తప్పిన పద్యపాదము కనబడినపుడు ప్రత్యంతరములను వెదకుదుము గాని మన సొంత పదము నచట కూర్పము. యతిభంగము లేఖకదోషమునకు బలమైన అనుమానము కలిగించును, అనుమానము మాత్రమే. స్వరలిపి విషయమునను ఎఱ్ఱని రంగునకు ఇంతకు మించిన అధికార మీయరాదు. విద్యార్థి ఎఱుపును చూచి స్వరమును పైస్థాయికి జరిపి, ఆ పాఠమును భద్రపఱచినచో, ఎఱుపు మాయమగును. దానితో మార్పు జరిగిన జాడయు మాయమగును. కాగితముపై కొట్టివేత యైనను మిగులును.

కావున కృతులను ఎక్కించు కళాశాలలు ముందుగ చేయవలసిన పనులు కొన్ని కలవు. కృతి కంఠమునకు రచితము. దానిని ఏ వాద్యము పేరను ఎక్కింపరాదు. ఎక్కింపక తప్పనిచో, సాఫ్ట్‌వేరు తెచ్చియిచ్చిన అవధులను తొలగించి మన వీణకు, వేణువునకు, మన శ్రుతిలోని వయొలిన్‌కు తగిన అవధులను షడ్జసాపేక్షముగ నిర్ణయించి యుంచవలెను. అవధి దాటిన తావున మూలమును కదపక, వాద్యమునకై చేసిన మార్పును లైప్‌జిగ్ సమీక్షకుడు కోరినట్లు చిన్న అచ్చులో ప్రక్కన చూపవలెను. వీనికంటె కష్టమైనది రాగావధుల పట్టిక. నవరోజు వంటివానికి అవధి స్పష్టము. లక్షణగ్రంథములకును ప్రయోగమునకును పొత్తు కుదరని రాగములలో ఏ అవధిని గ్రహింపవలెనో లాక్షణికులును వైణికులును గాయకులును కలిసి కూర్చుండి తేల్చవలసినదే. అది తేలనంతవఱకు ఆ గళ్లను ఖాళీగ నుంచుట మేలు.